పసుపు పూసిన రొట్టె పీట

మేనేజరు ఆ పీటను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నల్ల సంచిలో వేసి ముడి కట్టింది. ఆ ముడి నాకు ఇంకా కళ్ళముందే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అరవై ఏళ్ళు ఒక మనిషి రోజూ రొట్టె తిన్న పీట అది. పెళ్ళికి వచ్చిన పీట. దాన్ని అట్లా పట్టుకునే హక్కు ఎవరిచ్చారు ఆమెకు?

మొదటినుంచి చెప్తాను.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండే ఊరు. నేను బడి మొహం చూడలేదు. పదహారేళ్ళకు పెళ్ళయింది. పెళ్ళయ్యాక మా ఆయన మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివాడు. ఆ మూడేళ్ళూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది నా మిరపకోతల మీదే. ఆ చదువే మమ్మల్ని రెండువేల తొమ్మిదిలో కార్డిఫ్‌కు తీసుకొచ్చింది. అప్పటికి నాకు నలభై దాటాయి. ప్రయాణానికి ముందు మా ఆయన నాకు ఇంగ్లీషులో పేరు రాయడం నేర్పించాడు. అక్షరాలు కాదు, ముగ్గు నేర్పినట్టు నేర్పించాడు. ఇక్కడ మొదలుపెట్టు, ఇట్లా తిప్పు, ఇక్కడ ఆపు. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా ఆ ముగ్గు వేసేదాన్ని.

వచ్చిన రెండో ఏడు ఒక కేర్ హోమ్ వంటింట్లో పని దొరికింది. వయసు మీదపడి ఒంటరిగా ఉండలేని వాళ్ళను చూసుకునే చోటు. కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం, ట్రాలీ మీద టీలూ తిండీ గదులకు తీసుకెళ్ళడం నా పని. చేరిన రోజు ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి రెండు గంటలు ఏదో చెప్పాడు. ఎర్ర ప్లాస్టిక్ పలక మీద పచ్చి మాంసం, ఆకుపచ్చ పలక మీద ఆకుకూరలు, తెల్లదాని మీద బ్రెడ్డు. అంతవరకు రంగులు చూసి అర్థం చేసుకున్నాను. చివర్లో ఒక కాగితం ఇచ్చారు. అంతా చదివాను, అర్థమైంది అని దాని మీద రాసి ఉందట. కింద నా ముగ్గు వేశాను. ఆ ముగ్గు తర్వాత నన్ను ఎంత బాధపెట్టిందో చెప్తాను.

అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ఆదివారం తెలుగు ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో ఒక ఆంటీ, ఇక్కడ పెరిగే పిల్లలకు అ ఆలు చెప్పేది. మా అమ్మాయిని దింపి వచ్చేదాన్ని. ఒక ఆదివారం వాన వల్ల బయటికి వెళ్ళలేక వెనక చిన్న కుర్చీలో కూర్చున్నాను. ఆ తర్వాత ఇక లేవలేదు. నా పక్కన కూర్చున్న ఏడేళ్ళ పిల్ల నా పలకలోకి తొంగిచూసి, "ఆంటీ, యూ ఫర్గాట్ ది తలకట్టు!" అనేది. మర్చిపోయింది దిద్దుకునేదాన్ని. ఆరు నెలలకు బైబిల్లో ఒక వచనం సొంతంగా చదివి ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. మరుసటి ఏడు లైబ్రరీలో ఊరికే చెప్పే ఇంగ్లీషు తరగతిలో చేరాను. ఇది జరిగేటప్పటికి షాపుల బోర్డులు, బస్సు మీది పేర్లు, పాలడబ్బా మీది తేదీ చదవగలిగేదాన్ని. వరసగా నాలుగు లైన్లు చదవమంటే చెమటలు పట్టేవి.

మా హోమ్‌లో కారిడార్ చివరి గదిలో ఒక పెద్దావిడ ఉండేది. తొంభైకి దగ్గర. రేవులో పనిచేసిన భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం నా నోటికి రాదు. ఆంటీ అన్నాను.

"నేను ఎవరికీ ఆంటీని కాను," అంది. టీ ఒక గుక్క తాగి, "సరే, అనుకో. ఖర్చేముంది," అంది.

ఇంటినుంచి ఆమె తెచ్చుకున్నవి మూడే. ఒక కుర్చీ, భర్త ఫోటో, ఈ పీట. మన చపాతీ పీటకన్నా కొంచెం పెద్దది, గుండ్రంగా, అరంగుళం మందం. తెల్లటి చెక్క. అంచు చుట్టూ గోధుమ కంకులు చెక్కి ఉండేవి. వెనక నున్నగా ఉండి, ఒక పక్కగా కాల్చి వేసిన ముద్ర. వంటింటి చెక్క సామాను తరతరాలుగా చేసే ఒక ఇంగ్లీషు కంపెనీదట. పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చింది. కార్డిఫ్ వాళ్ళకు ఇంగ్లండు పక్క దేశం, ఆమెకు అసలు పడేది కాదు.

"ఇంగ్లండు నుంచి మా ఇంట్లోకి నేను రానిచ్చింది దీన్నొక్కదాన్నే," అనేది. "వానను ఎట్లాగూ ఆపలేకపోయాను."

నాలుగింటికి ఆమె టీ. మిగతావాళ్ళకు ప్యాకెట్లో కోసి వచ్చే బ్రెడ్డు. ఆమె దాన్ని ముట్టదు. అది రొట్టె కాదు, గిన్నెలు తోముకునే స్పాంజి అనేది. మా వంటాయన వచ్చేదారిలో బేకరీలో ఒక గుండ్రటి రొట్టె తెచ్చేవాడు. ఆయన మంచివాడే. ఎంత మంచివాడో తర్వాత చెప్తాను. ఆ రొట్టెను పీట మీద పెట్టి ఆమె ముందే కోయాలి. ఆ పీట మీదే వడ్డించాలి. ప్లేటు పెడితే పక్కకు తోసేది. కోసేది దాని మీదే, తినేది దాని మీదే.

కోసే పద్ధతి కూడా ఆమే నేర్పింది. ముందు రొట్టె కొస తీసేయాలి. కోసిన మొహం మీద వెన్న రాయాలి. రాశాక అప్పుడు కోయాలి, కాగితమంత పలచగా. విడిగా కోసి రాస్తే అంత పలచటి ముక్క చిరిగిపోతుంది. రొట్టెను ఎడమచేత్తో గుండెకు ఆనించుకుని కత్తిని తనవైపుకే లాగి కోసేదట ఆమె, చేతులు వణకనప్పుడు. హోమ్‌లో కేర్ చేసే అమ్మాయిలు అది చూసి కెవ్వుమన్నారట. నాకేం భయం? నేను పుట్టి పెరిగింది కత్తిపీట ముందు. కత్తి నావైపుకే చూస్తుంటే వంకాయనే కత్తి దగ్గరికి తీసుకెళ్ళిన చేతులు ఇవి. మొదటిరోజే ముక్క అట్లా పలచగా వచ్చింది. ఆమె దాన్ని వేలితో ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎక్కడ నేర్చావు?"

"వంకాయల మీద," అన్నాను.

ఆమె ఎంత నవ్విందంటే పక్కగదిలోంచి కేర్ చేసే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

అట్లా ఏడాదిన్నర గడిచింది. రోజూ నాలుగింటికి నాలుగు ముక్కలు. ఎండాకాలం టమాటా, చలికాలం చీజు. కత్తి నేను తెచ్చి నేనే తీసుకెళ్ళేదాన్ని. పీటను వేడినీళ్ళతో కడిగి తుడిచి నిలబెట్టేదాన్ని. మధ్యాహ్నం భోజనం కెలికి వదిలేసినా ఆ నాలుగు ముక్కలూ తినేది. నాకు తెలిసి ఆమెను నిలబెట్టింది అవే.

తప్పు చేసింది నేను. దాచుకోవడానికేం లేదు.

ఒక చలికాలం హీటర్ల వేడికి పీట ఎండిపోయి అంచు దగ్గర పేలి కనిపించింది. మా ఇళ్ళలో చెక్క సామాను ఎండిపోతే ఏం చేస్తారు? నువ్వులనూనెలో పసుపు కలిపి పట్టిస్తారు. కత్తిపీటకు, పప్పుగుత్తికి, కవ్వానికి. చెక్క విచ్చదు, పురుగు పట్టదు. మేం చర్చికి పోయేవాళ్ళమే అయినా గడపకు కూడా మా అమ్మ పసుపు రాయడం మానలేదు. పాస్టరుగారు అడిగితే చీమల మందండీ అనేది. నేను శనివారం ఆ పీటను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆంటీని అడిగాను, ఆమె సరే అంది. మేనేజరును అడగాలని తోచలేదు. నూనె వెచ్చచేసి, రెండు చెంచాల పసుపు కలిపి, కంకుల సందుల్లోకి కూడా పోయేటట్టు గుడ్డతో పట్టించాను. మన ఊళ్ళో అయితే ఎండలో పెడితే రంగు విరిగిపోతుంది. కార్డిఫ్‌లో జనవరిలో ఎండెక్కడిది? రేడియేటర్ పక్కన పెట్టాను.

సోమవారానికి ముందువైపంతా బంగినపల్లి మామిడిపండులా తేలింది. కడిగితే పోలేదు, నిమ్మచెక్కతో రుద్దితే పోలేదు. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. అది చూసి చెంప మీద చెయ్యి వేసుకుంది. "ఓ మై గాడ్, అమ్మా. యూ మేడ్ ఇట్ ఇంటూ ఎ కర్రీ."

గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. ఆంటీ ఒళ్ళో పెట్టుకుని వేలితో కంకులు తడుముకుంది. తర్వాత, "నువ్వు ముందే వెన్న రాసేశావు," అంది. "ఇక రొట్టె కోయి."

అది ఆమె వస్తువు. ఆమెకు లేని అభ్యంతరం ఇంకెవరికి ఉండాలి?

మూడోరోజు మేనేజరు వంటిల్లు చూడ్డానికి వచ్చినప్పుడు పీట సింకు పక్కన ఆరుతోంది. "ఇదేంటి? బూజా?" అంది.

"నో మోల్డ్. టర్మరిక్. అండ్ ఆయిల్. గుడ్ ఫర్ వుడ్," అన్నాను. నాకు వచ్చిన మాటలవి.

"టర్మరిక్! అది ఎలర్జీల లిస్టులో ఉందా?" అని వంటాయన్ని అడిగింది. ఆయన లేదని తల ఊపాడు. అయినా ఆమె ఆగలేదు. "ఏదైనా సరే, వంటింట్లో చెక్క అసలు ఉండకూడదు, మై లవ్లీ. రూల్స్‌లో ఉంది. నువ్వు ట్రైనింగ్‌లో చదివి సంతకం పెట్టావు కదా." అది ఇక్కడి ముద్దుమాట, ఆమె కాదన్నప్పుడల్లా మై లవ్లీ అంటుంది. సెలవు కాదన్నా అంతే, డ్యూటీల పట్టీలో ఆదివారం వేసినా అంతే.

అప్పుడే నల్ల సంచి వచ్చింది. ముడి పడింది. ఆఫీసు బీరువాలో పెడతానని తీసుకెళ్ళిపోయింది. కారిడార్ చివరి గదిలో కూర్చున్న పీట సొంతదారుకు ఒక్క మాట చెప్పలేదు. ఆమెకు చెప్పే పని నాకు వదిలేసింది.

ఆ సాయంత్రం తెల్ల ప్లేట్లో ప్యాకెట్ బ్రెడ్డు తీసుకెళ్ళాను. రూలట ఆంటీ అన్నాను. ఆమె నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. ప్లేటును వేలితో రెండంగుళాలు పక్కకు జరిపి కిటికీలోంచి కార్ పార్కు చూస్తూ కూర్చుంది.

మరుసటి రోజూ అంతే. మూడోరోజు వంటాయన గుండ్రటి రొట్టె తెచ్చి ప్లాస్టిక్ పలక మీద కోసి పంపాడు. ముట్టలేదు. మాకు ఒక చార్టు ఉంటుంది. ఎవరు ఎంత తిన్నారో అక్కడ రాయాలి. తినకపోతే వద్దన్నారు అని గుర్తు పెట్టాలి. నేను రోజూ వెళ్ళి ఆ గుర్తు పెట్టి వచ్చేదాన్ని. వద్దన్నారట! ఆమె వద్దన్నదా, మనం లాక్కున్నామా? లాక్కున్నాం అని రాసే గడి ఆ చార్టులో లేదు.

రెండు వారాలకు ఆమె మెడ దగ్గర ఎముకలు తేలాయి. బరువు చూశారు, తగ్గింది. జీపీ, అంటే ఆ పేట డాక్టరు, వచ్చాడు. వయసులో ఆకలి చచ్చిపోవడం మామూలే అన్నాడు. డబ్బాల్లో వచ్చే తీపి పాలు రాసిచ్చాడు. వాటికి స్ట్రా గుచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాలి. అరవై ఏళ్ళు తన పీట మీద తిన్న మనిషి నోటికి స్ట్రా! జీపీకి ఎవరూ పీట సంగతి చెప్పలేదు. నేను ట్రాలీ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. చెప్పాలని నోరు తెరిచాను. ఇంగ్లీషు మాట కూర్చుకునేలోపల ఆయన బ్యాగు మూసుకుని వెళ్ళిపోయాడు. అందుకు నామీద నాకే కోపం.

ఇంట్లో చెప్తే మా ఆయన, "నీకెందుకే ఈ గొడవ? రూలంటే రూలు. పీట పసుపు చేసింది నువ్వేనని వాళ్ళకు తెలుసు. నోరు మూసుకుని పనిచేసుకో," అన్నాడు.

"నేను చేశాను కాబట్టే నాకు గొడవ," అన్నాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. ఆమె తినడం లేదు, ఆ పీట గదిలో మాత్రమే వాడదాం, నేనే కడుగుతాను అన్నాను. మేనేజరు కంప్యూటర్ నుంచి తల తిప్పలేదు. చెయ్యి చాపి అలమర చూపించింది. "ఫోల్డర్ అక్కడ ఉంది. అంతా అందులో రాసి ఉంది. చదువుకో, మై లవ్లీ."

చదవలేనని ఆమెకు తెలిసే అందా, తెలియక అందా, ఇప్పటికీ నాకు తేలలేదు. తెలియకే అని ఉండొచ్చు. కానీ ఆ క్షణంలో నాకు మా ఊరి ఆసామి గుమాస్తా గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు మా అమ్మ ఏదడిగినా కాగితం చూపించి, ఇక్కడ రాసి ఉంది చూసుకో అనేవాడు. మా అమ్మ ఆ కాగితం వైపు భయంగా చూసి వెనక్కి వచ్చేసేది. నలభై ఏళ్ళ తర్వాత, సముద్రాలు దాటి వచ్చి, నేనూ అట్లాగే వెనక్కి రావాలా?

ఫోల్డర్ తీసుకున్నాను. "ఇక్కడే చదువు, బయటికి తీసుకెళ్ళకూడదు," అంది. సరే అన్నాను.

రోజుకు అరగంట బ్రేకు. స్టాఫ్ గదిలో మూలన కూర్చుని వేలు పెట్టి చదివాను. తెలియని మాటల్ని రొట్టె చుట్టి వచ్చిన కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. మా అమ్మాయి ఒక్కొక్క మాటకు అర్థం చెప్పేది. మూడోరోజు నా కాగితం చూసి సోఫాలో పడి దొర్లింది.

"అమ్మా! హోస్, నాజిల్, ఫోమ్. ఇది ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పేజీ!"

"అయితే ఏంటే. ముందునుంచి వస్తున్నాను."

"ఫోటోలు తీసుకురా. నేను టూ మినిట్స్‌లో చదివి చెప్తా."

"వద్దు."

"వై నాట్? ఆమె అక్కడ తినడం లేదంటున్నావు కదా!"

ఆ మాట సూటిగా తగిలింది. నా పౌరుషం కోసం ఆ ముసలమ్మను పస్తుంచుతున్నానా అనిపించింది. కానీ రేపు మేనేజరు ముందు నిలబడాల్సింది నా కూతురు కాదు, నేను. కూతురు చెప్పింది అంటే, తప్పు చదివి ఉంటుంది అంటారు. అదే చెప్పాను. పిల్ల నా కాగితం లాక్కుంది. పెన్సిల్ తీసుకుని, "అయితే వెనక నుంచి ఇండెక్స్ చూడాలి. ముందునుంచి చదవక్కర్లేదు. ఫుడ్ అనే మాట ఎక్కడుందో వెతుకు, పక్కన నంబరు ఉంటుంది," అని నేర్పింది. పుస్తకాన్ని వెనకనుంచి తెరవొచ్చని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

మరో నాలుగు రోజులు పట్టింది. తిండి సంగతులున్న పేజీలు పదకొండు. వాటిని రెండుసార్లు చదివాను. వంటింటి పలకల గురించి అందులో ఒక్క పేరా. శుభ్రంగా ఉండాలి. లోతైన గాట్లు, పగుళ్ళు ఉండకూడదు. పచ్చి మాంసానికి వాడింది ఇంకోదానికి వాడకూడదు. వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అంతే. చెక్క అనే మాట లేదు. నా కళ్ళను నేనే నమ్మక మూడోసారి చదివాను. పేజీలు తిప్పుతుంటే ఇంకోచోట ఇంకో లైను కనిపించింది. ఇక్కడ ఉండేవాళ్ళు తమ సొంత వస్తువులను దగ్గర ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు.

నాకు సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది. మూడు వారాలకు పైగా ఒక మనిషి తిండి మానేసింది. ఎందుకోసం? లేని మాట కోసం. ఉందని చెప్పినవాళ్ళు చదివి చెప్పలేదు. విన్నవాళ్ళు చదివి చూడలేదు. అందరూ నాకన్నా ఎన్నో ఏళ్ళు ముందు బడికి పోయినవాళ్ళే. ఆ పేజీలు చదవాలంటే వాళ్ళకు ఒక టీ తాగేంతసేపు పట్టదు. నాకు పట్టినన్ని రోజులూ ఆంటీ స్ట్రా వైపు తల తిప్పుకుని కూర్చుంది.

ఫోల్డర్ తెరిచి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి నడిచాను. మేనేజరు అక్కడే వంటాయనతో మెనూ మాట్లాడుతోంది. లైను కింద వేలు పెట్టి పైకి చదివాను.  ఒక మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. ఆపలేదు. పేరా చివరిదాకా చదివాను. తర్వాత రెండో లైను చదివాను.

మేనేజరు మొహం ఎర్రబడింది. "అది... బెస్ట్ ప్రాక్టీస్, మై లవ్లీ. అన్నిచోట్లా అంతే చేస్తారు."

"వేర్ ఈజ్ ఇట్ రిటెన్?" అన్నాను. "షో మీ. ఐ విల్ రీడ్."

 వంటాయన గ్యాస్ పొయ్యి తుడుస్తూ, "ఆమె చెప్పేది నిజమే," అన్నాడు. "చెక్క వాడొద్దని ఎక్కడా లేదు. నేను పనిచేసిన హోటల్లో అన్నీ చెక్కవే."

నేను ఆయన వైపు తిరిగాను. "నీకు తెలుసా? ముందునుంచీ?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు కదా, లవ్."

రోజూ దారి తప్పించుకుని బేకరీకి వెళ్ళి ఆమె కోసం రొట్టె తెచ్చిన మనిషి. ఆ రొట్టె తాకకుండా వెనక్కి వస్తుంటే తన చేత్తో చెత్తబుట్టలో వేసిన మనిషి. నోటిదాకా వచ్చిన తెలుగు తిట్టు ఆయనకు అర్థం కాదని తెలిసీ తిట్టేశాను. అర్థమైనట్టే తల దించుకున్నాడు.

మేనేజరు మధ్యాహ్నానికి ఒక ఫారం తయారుచేసింది. ఆమె గెలవాలి కదా. పీట గదిలోనే ఉండాలి. రోజూ ఎవరు కడిగారు, ఎవరు ఆరబెట్టారు, పగుళ్ళున్నాయా లేదా చూసి రాయాలి, సంతకం పెట్టాలి. "ఇదంతా నువ్వే రాయాలి. రాయగలవా?" అంది. ఈసారి మై లవ్లీ లేదు.

"చదివి చెప్తాను," అన్నాను. ఫారం మొత్తం ఆమె ముందే చదివాకే తల ఊపాను. ఆమె గడియారం చూసుకుంటూ నిలబడింది. నిలబడనీ.

నల్ల సంచి ముడి విప్పడానికి రాలేదు, కత్తెరతో కోశాను. పసుపు అంతే ఉంది. ఆ అంచు పేలిన చోట నూనె తాగి మూసుకుపోయింది కూడా. నాలుగింటికి ఆంటీ ముందు పెట్టాను. కొస తీశాను. వెన్న రాశాను. ఆమె నా చేతుల్నే చూస్తోంది.

"రూలు ఏమైంది?" అంది. ఇన్ని రోజులకు అదే మొదటి మాట.

"చదివాను. లేదు."

"నువ్వు చదివావా?"

"అవును ఆంటీ. చాలా రోజులు పట్టింది. సారీ."

ఆమె ముక్కను ఎత్తి కిటికీ వైపు పెట్టి చూసింది. "మందంగా కోశావు," అంది. "చెయ్యి మర్చిపోయింది. రెండోది పలచగా కోయి." ఆరోజు ఒకటిన్నర తిన్నది. మిగిలిన సగం నా చేతిలో పెట్టింది. నేనూ తిన్నాను. వారం తిరిగేసరికి మళ్ళీ నాలుగయ్యాయి. ఫారం మీద రోజూ తేదీ వేసి, కడిగాను, ఆరబెట్టాను, పగుళ్ళు లేవు అని మూడు మాటలూ రాసి, కింద పేరు రాసేదాన్ని. ముగ్గు కాదు, పేరు. ఒక్కొక్క అక్షరం విడివిడిగా.

నన్ను ఎవరూ క్షమించమని అడగలేదు. ఆంటీని అసలే అడగలేదు. అక్కడితో అయిపోయి ఉంటే ఈ సంగతి రాసేదాన్ని కాదేమో.

ఆ ఎండాకాలం నేను రెండు రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి గుమ్మం దగ్గర నోటీసు బోర్డు మీద కొత్త పోస్టరు పెట్టారు. చూడ్డానికి వచ్చే కుటుంబాల కోసం. నేను కోటు విప్పుతూ ఆగి చదివాను. ఇప్పుడు గోడ మీద ఏముంటే అది చదవడం నాకు అలవాటైపోయింది. 'ఇక్కడ మీ అమ్మానాన్నలు తమకు ఇష్టమైన సొంత వస్తువులతోనే జీవిస్తారు. వాళ్ళ అలవాట్లు మాకు ముఖ్యం.' దాని కింద పెద్ద ఫోటో. కిటికీ వెలుతురు, పువ్వుల కప్పు, గుండ్రటి రొట్టె, రొట్టె కింద ఆ పీట.

ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో నాకు తెలియదు. నేను లేని ఆ రెండు రోజుల్లో తీసి ఉంటారు. దగ్గరికి వెళ్ళి చూశాను. పీట తెల్లగా ఉంది. కంకులు లేవు. రొట్టె పక్కన ఆ కంపెనీ ముద్ర మాత్రం చక్కగా కనిపిస్తోంది. పీటను తిరగేసి పెట్టి తీశారు.

సంచిలో మూటకట్టిన చేతులే దాన్ని తిరగేసి, పోస్టరు చేసి, మాకు అలవాట్లు ముఖ్యమని గోడకు అంటించాయి. ఆ పసుపు మాత్రం జనం కంట పడకూడదు. ఆమె అరవై ఏళ్ళు వేలితో తడుముకున్న కంకులు కూడా పోతే పోయాయి.

నాలుగింటికి ట్రాలీ తీసుకుని గదికి వెళ్ళేసరికి పీట బల్ల మీద ఇంకా బోర్లానే ఉంది. ఫోటో తీసినవాళ్ళు మళ్ళీ తిప్పి పెట్టే శ్రమ కూడా పడలేదు. ఆంటీ కుర్చీలోంచి నన్ను చూసింది.

"ఎవరో తలకిందులు చేసి పోయారు," అంది.

నేను పీట తిప్పాను. పసుపు వైపు పైకి పెట్టి, కంకుల మీద గుడ్డ వేసి తుడిచి, రొట్టె పెట్టి కొస కోశాను. అయ్యాక ఫారం తీశాను. తేదీ వేశాను. కడిగాను, ఆరబెట్టాను, పగుళ్ళు లేవు. ఆ మూడు మాటల పక్కన ఖాళీ చోటు ఉంది. అక్కడ నా ఇంగ్లీషులో నాలుగో మాట రాశాను. 'ముందువైపు పసుపు. ఆమెకు ఇష్టమే.' కింద పేరు రాశాను.

మేనేజరు వారానికొకసారి ఆ ఫారాలన్నీ చూసి పక్కన సంతకం పెట్టాలి. ఆ వారమూ పెట్టింది. చదివి పెట్టిందో లేదో నాకు తెలియదు.